బ్రిటన్ మోటార్‌వే మీద లారీ: ఏ లేన్‌లో ఉండాలి, ఎప్పుడు మారాలి

లారీ లైసెన్స్ కొత్తగా చేతికొచ్చిన మనవాళ్లు ఫోన్ చేస్తే అందరూ రివర్స్ గురించే అడుగుతారు. లోడింగ్ బేలోకి ట్రెయిలర్ ఎలా ఎక్కించాలి, స్టీరింగ్ ఎటు తిప్పాలి, ఏ అద్దం చూడాలి అని. రివర్స్‌లో తేడా వస్తే ఒక లైటో బంపరో పోతుంది. నిండు లోడుతో మోటార్‌వే మీద లేన్ తేడా వస్తే ఏం పోతుందో నేను చెప్పక్కర్లేదు. అందుకే ఎవరు అడిగినా ముందు లేన్ సంగతే ఎత్తుతాను.

నేను నడిపేది ఆరు యాక్సిల్స్ ఆర్టిక్ (క్యాబిన్ వెనక ట్రెయిలర్ తగిలించిన పెద్ద లారీ), ఎక్కువగా రాత్రిపూట, మిడ్‌లాండ్స్ నుంచి ఉత్తరానికి, ఎం6, ఎం62 మోటార్‌వేల మీదుగా. మోటార్‌వే అంటే మన ఎక్స్‌ప్రెస్‌వే లాంటిది. కాబట్టి ఇక్కడ రాసేదంతా బ్రిటన్ రూల్స్ ప్రకారం, ఇక్కడి రోడ్ల గురించి. చివర్లో కార్లు నడిపేవాళ్లకీ కొంత ఉంది. నిజానికి లారీవాళ్ల కంటే వాళ్లే ఎక్కువ చదవాలి.

మన చోటు లేన్ 1

లేన్లు ఎడమ నుంచి లెక్క. ఎడమ చివరిది లేన్ 1, దాని కుడిపక్కది లేన్ 2, అలా. ఎడమ అంచున అత్యవసరంగా ఆపుకోవడానికి వదిలే హార్డ్ షోల్డర్ ఉంటే అది లెక్కలోకి రాదు. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు అందరూ లేన్ 1లో ఉండాలి, ఓవర్‌టేక్ చేయడానికే కుడికి వెళ్లాలి, అవగానే ఎడమకి వచ్చేయాలి. బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో 264వ రూల్ చెప్పేది ఇదే. లారీలకనే కాదు, అందరికీ.

మన దగ్గర హైవేల మీద నడిపిన అలవాటున్నవాళ్లు ఇక్కడికొచ్చాక ముందుగా వదిలించుకోవాల్సింది ఒకటుంది. అక్కడ లారీలు డివైడర్ పక్క లేన్ పట్టుకుని పోతాయి. ఊరికే కాదు. ఎడమపక్క ఆటోలుంటాయి, బైకులుంటాయి, రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టరుంటుంది, లైట్లు లేకుండా ఆపిన లారీ ఉంటుంది. లోడు బండితో మాటిమాటికీ బ్రేకు కొట్టడం కంటే కుడిపక్క సాఫీగా పోవడం మేలని డ్రైవర్ల లెక్క. ఇక్కడ మోటార్‌వే మీదకి నడిచేవాళ్లకి, సైకిళ్లకి, చిన్న మోపెడ్లకి, వ్యవసాయ బండ్లకి ప్రవేశమే లేదు. ఊరికే ఆపే వీలు లేదు. లేన్ 1లో మన దగ్గరలాంటి అడ్డాలు ఉండవు కనుక ఊరికే దాన్ని వదిలి కుడికి పోయే పనీ లేదు. మా డిపోలో చేరిన కుర్రాడొకడు మొదట్లో ఖాళీ రోడ్డు మీద కూడా లేన్ 2లోనే పోయేవాడు. "అన్నా, ఇక్కడైతే టెన్షన్ ఉండదు" అనేవాడు. స్లిప్ రోడ్ల (మోటార్‌వేలోకి ఎక్కే, దిగే పక్కదారుల) నుంచి వచ్చే బండ్ల గోల తప్పుతుందని వాడి ఉద్దేశం. ఆ గోల లారీ డ్రైవర్ పనిలో భాగమే, దాన్ని ఎలా దాటాలో కిందికొచ్చాక చెబుతాను.

కుడి చివరి లేన్ మనది కాదు

మూడు లేన్లు, అంతకంటే ఎక్కువ ఉన్న మోటార్‌వే మీద కుడి చివరి లేన్‌లోకి లారీ వెళ్లకూడదు. ఇది 265వ రూల్. సలహా కాదు, చట్టం. 7.5 టన్నులు దాటిన గూడ్స్ బండ్లన్నిటికీ, 3.5 నుంచి 7.5 టన్నుల మధ్య ఉండి స్పీడ్ లిమిటర్ ఉండాల్సిన గూడ్స్ బండ్లకీ, ట్రెయిలర్ లాగే ఏ బండికైనా ఇది వర్తిస్తుంది. ఏ బండికైనా అంటే కారుకి కూడా. ఇల్లు మారేటప్పుడు కారు వెనక చిన్న ట్రెయిలర్ తగిలించుకుని లేన్ 3లో దూసుకుపోయే పెద్దమనుషులు గుర్తుపెట్టుకోండి: మీకూ ఆ లేన్ నిషేధమే, మీ స్పీడ్ పరిమితి కూడా గంటకి 60 మైళ్లే. మామూలు 3.5 టన్నుల అద్దె వ్యాన్ అయితే, ట్రెయిలర్ లేనంతవరకు, ఈ నిషేధం లేదు.

టన్నుల లెక్క చూసేది బండికి అనుమతించిన గరిష్ఠ బరువుని బట్టి. "ఖాళీగా పోతున్నా కదా, ఇప్పుడు బండి ఏడు టన్నులే" అంటే కుదరదు.

నాలుగు లేన్లున్న చోట, ఎం25 మీద చాలా దూరం అలాగే ఉంటుంది, లేన్ 4 నిషేధం, లేన్ 3 కాదు. రెండే లేన్లున్న మోటార్‌వే మీద రెండూ వాడుకోవచ్చు. మోటార్‌వే కాని, మధ్యలో డివైడర్ ఉన్న డ్యూయల్ క్యారేజ్‌వేల మీద, అంటే ఎ-రోడ్ల మీద, ఈ రూల్ లేదు. అక్కడక్కడా లారీలకి ప్రత్యేకంగా బోర్డు పెడతారు, ముఖ్యంగా ఎత్తు ఎక్కే చోట. ఆ బోర్డుంటే దాని ప్రకారమే. మినహాయింపులు కొద్దిగానే ఉన్నాయి. బాగా వెడల్పైన లోడుతో పోతున్న బండిని దాటాలి, దాటడానికి ఆ లేన్ తప్ప దారి లేదు, అప్పుడు వెళ్లొచ్చు. పోలీసులో, గ్యాంట్రీ (రోడ్డుకి అడ్డంగా పైన కట్టిన ఇనుప చట్రం) మీద సిగ్నలో అటు మళ్లిస్తే వెళ్లాలి. ముందు రెండు లారీలు పక్కపక్కన మెల్లగా పోతున్నాయి, లేన్ 3 ఖాళీగా ఉంది, మనకి టైమైపోతోంది, ఇది మినహాయింపు కాదు.

చూసేవాళ్లెవరు అనుకోకండి. ఆపరేషన్ ట్రామ్‌లైన్ అని ఒకటుంది. పోలీసులు గుర్తులేవీ లేని లారీ క్యాబిన్‌లో కూర్చుని పక్క బండ్లని వీడియో తీస్తారు. మన కళ్లంత ఎత్తులోనే వాళ్ల కెమెరా ఉంటుంది. ఊరికే మధ్య లేన్ పట్టుకుని కూర్చున్నా అజాగ్రత్త డ్రైవింగ్ కింద అక్కడికక్కడే 100 పౌండ్ల జరిమానా, లైసెన్స్ మీద 3 పెనాల్టీ పాయింట్లు వేసే అధికారం 2013 ఆగస్టు నుంచి పోలీసులకి ఉంది. లారీ లైసెన్స్ ఉన్నవాళ్లకి పాయింట్లతో పాటు ట్రాఫిక్ కమిషనర్ (లారీ లైసెన్సుల మీద చర్య తీసుకునే అధికారి) అనే ఇంకో గుమ్మం కూడా ఉంటుంది. అక్కడికి పిలిపించుకున్నాక ఉద్యోగం సంగతి ఎవరూ హామీ ఇవ్వలేరు.

2 మైళ్ల తేడాతో ఓవర్‌టేక్

ఇక అసలు విషయం. ఇది అర్థమైతే మిగతా సగం దానంతటదే వస్తుంది.

మోటార్‌వే మీద పెద్ద లారీకి చట్టప్రకారం పరిమితి గంటకి 60 మైళ్లు. కానీ లిమిటర్ 56 మైళ్ల దగ్గర, అంటే 90 కిలోమీటర్ల దగ్గర పట్టేస్తుంది. డీజిల్ మిగులుతుందని కొన్ని కంపెనీలు దాన్ని 54కో 52కో కూడా దించుతాయి. దాంతో రోడ్డు మీద లారీలన్నీ ఇంచుమించు ఒకే స్పీడులో ఉంటాయి, ఒకటీ రెండు మైళ్ల తేడాతో. ముందున్నవాడు 54, మనం 56. కాలు తొక్కి పెట్టినా అంతకుమించి రాదు. దాటాలా వద్దా?

కాగితం మీద లెక్కేద్దాం. 2 మైళ్ల తేడా అంటే సెకనుకి సుమారు 0.9 మీటరు. దాటడానికి మన ఆర్టిక్ పొడవు 16.5 మీటర్లు, వాడిది ఇంకో 16.5, లేన్ మారేటప్పుడు వాడి వెనక 40 మీటర్లు, తిరిగి వచ్చేటప్పుడు వాడి ముందు 40 మీటర్లు. మొత్తం 113 మీటర్లు మనం వాడి మీద సంపాదించాలి. రెండు నిమిషాలు దాటుతుంది. ఆ రెండు నిమిషాల్లో మనం పోయే దూరం 3 కిలోమీటర్ల పైనే, దగ్గర దగ్గర 2 మైళ్లు. అంతసేపూ లేన్ 2 మూసేసినట్టే, వెనక కార్లన్నీ లేన్ 3లో కిక్కిరిసిపోతాయి. తేడా 1 మైలే అయితే దూరం దాదాపు 4 మైళ్లు.

ఇంత చేసి సంపాదించేదెంత? 60 మైళ్ల దూరానికి 54లో పోతే సుమారు 67 నిమిషాలు, 56లో పోతే 64 దాటి కాస్త. రెండున్నర నిమిషాలు కూడా మిగలవు. దారిలో ఆగి సేదతీరే సర్వీసెస్‌లో కాఫీ మెషీన్ దగ్గర క్యూ అంతకంటే ఎక్కువ తింటుంది.

నా పద్ధతి ఇది. తేడా 3 మైళ్లు దాటితే, ముందు రోడ్డు చదునుగా ఉంటే, ఎగ్జిట్ దగ్గర్లో లేకపోతే, వెళ్తాను. 1 మైలు తేడాకి వెళ్లను. 2 మైళ్ల దగ్గర రోడ్డుని బట్టి, వెనక ట్రాఫిక్‌ని బట్టి. రాత్రి రెండు గంటలకి ఎం6 ఖాళీగా ఉంటే దాటితే ఎవరికీ నష్టం లేదు. సాయంత్రం ఐదింటికి బర్మింగ్‌హామ్ దగ్గర అదే పని చేస్తే వెనక క్యూ కట్టడానికి మీరే కారణమవుతారు. దాటకూడదనుకుంటే స్పీడ్ 2 మైళ్లు తగ్గించి, నాలుగు సెకన్ల దూరం పెట్టుకుని, వాడి వెనకే పోవడం. నాలుగున్నర గంటల డ్రైవింగ్‌కి 45 నిమిషాల బ్రేక్ ఎలాగూ తీసుకోవాలి, డ్రైవింగ్ గంటలు, స్పీడు నమోదు చేసే టాకోగ్రాఫ్ ముందు దాటినవాడూ దాటనివాడూ ఒకటే. చాలాసార్లు నన్ను దాటుకుని పోయిన బండి తర్వాతి సర్వీసెస్‌లో నా పక్కనే పార్క్ చేసి కనిపిస్తుంది.

దాటాలనుకుంటే ఎలా దాటాలి

నిర్ణయం తీసుకోవాల్సింది ముందు బండి తోక దగ్గరికి చేరాక కాదు, నాలుగు సెకన్ల దూరంలో ఉండగానే. 56 మైళ్ల స్పీడులో సెకనుకి 25 మీటర్లు పోతాం, నాలుగు సెకన్లకి 100. కంటితో అంచనా రాకపోతే లేన్ల మధ్య తెల్లగీతలు చూడండి. గీత 2 మీటర్లు, ఖాళీ 7 మీటర్లు, కలిపి 9. పదకొండు గీతలు లెక్కకొస్తే 100 మీటర్లు ఉన్నట్టే. వాన పడుతుంటే ఇంకా పెంచాలి.

దగ్గరికి చేరాక అద్దం చూడటం మొదలుపెడితే చిక్కేమిటంటే, ముందు బండి వెనక తలుపులు తప్ప రోడ్డు కనపడదు, గ్యాప్ దొరక్కపోతే బ్రేకు కొట్టాల్సి వస్తుంది. బ్రేకు కొడితే స్పీడు 50కి పడుతుంది, ఆ 50తోనే లేన్ 2లోకి దూరాల్సి వస్తుంది. అక్కడ వెనక నుంచి కారు 70లో వస్తుంటుంది.

కుడి అద్దం రెండుసార్లు చూడండి, మధ్యలో ఒకటి రెండు సెకన్ల తేడాతో. మొదటిసారి చూస్తే కారు ఉందో లేదో తెలుస్తుంది. రెండోసారి చూస్తేనే అది ఎంత త్వరగా పెద్దదవుతోందో తెలుస్తుంది. 70లో వచ్చే కారు 56లో ఉన్న మనకి సెకనుకి 6 మీటర్ల చొప్పున దగ్గరవుతుంది. 150 మీటర్ల వెనక ఉన్నా ఇరవై నాలుగైదు సెకన్లలో మన ట్రెయిలర్ దగ్గరుంటుంది. లేన్ 3లో ఉన్న కారు కూడా మనం కదిలే క్షణంలోనే లేన్ 2లోకి రావచ్చు, దాన్నీ లెక్కలో పెట్టుకోండి.

ఖాళీ ఉందనిపిస్తే ఇండికేటర్ వేయండి. వేసి మూడు నాలుగు సార్లు టిక్‌టిక్ అననివ్వండి, ఆ లోపు మళ్లీ అద్దం. ఇండికేటర్ వేశాం కాబట్టి దారివ్వాలి అనే హక్కేదీ లేదు. అది మన ఉద్దేశం చెప్పడమే. అప్పుడు స్టీరింగ్ తిప్పినట్టు కాకుండా, ఒక పక్కకి ఆనినట్టు మెల్లగా పోనివ్వాలి. క్యాబిన్ లేన్ 2లోకి వెళ్లిపోయినా ట్రెయిలర్ తోక ఇంకా లేన్ 1లోనే ఉంటుంది. కుడి అద్దంలో వెనక చక్రాలు గీత దాటేదాకా మన లేన్ మార్పు పూర్తి కాలేదు. మోటార్‌వే లేన్ వెడల్పు 3.65 మీటర్లు, మన బండి 2.55. సరిగ్గా మధ్యలో ఉంటే రెండు పక్కలా అర మీటరుకి కాస్త పైన మిగులుతుంది, అందులోంచి అద్దాలు బయటికి వస్తాయి. పక్కన ఇంకో లారీ ఉన్నప్పుడు లేన్‌లో కొద్దిగా కుడికి జరిగి పోవడం అలవాటు చేసుకోండి.

తిరిగి రావడం ఇంకా నెమ్మదిగా. ఎడమ అద్దంలో దాటిన బండి రెండు హెడ్‌లైట్లూ కనపడాలి, ఆ లైట్లకీ మన ట్రెయిలర్ చివరకీ మధ్య తారు రోడ్డు కూడా బాగా కనపడాలి. వాడు లైట్లు వెలిగించి ఆర్పి "రావచ్చు" అని సైగ చేస్తాడు. మనం ఇండికేటర్లు ఎడమ, కుడి ఒకసారి వేసి థాంక్స్ చెబుతాం. ఇది డ్రైవర్ల మర్యాద, హైవే కోడ్‌లో లేదు. కోడ్ ప్రకారం లైట్లు కొట్టడం "నేనిక్కడున్నాను" అని చెప్పడానికే. సైగ మీద నమ్మకంతో తిప్పేయకండి, అద్దం చెప్పిందే నమ్మండి. చీకట్లో మీ వెనక ఎవరో ఎవరికో కొట్టిన లైట్ మీకే అనుకునే ప్రమాదం ఉంది.

దాటించుకునేవాడు చేయాల్సిన పని

దీని గురించి ఎవరూ చెప్పరు. పక్కన ఒకడు మనల్ని దాటుతూ దాటుతూ ఆగిపోయినట్టు కనిపిస్తే, క్రూజ్ కంట్రోల్ ఒక్క నొక్కు తగ్గించండి. 2 మైళ్లు తగ్గిస్తే తేడా రెట్టింపవుతుంది, సగం సమయంలో పనైపోతుంది. పౌరుషానికి పోయి 56 మీదే నిలబడేవాళ్లున్నారు. ఇద్దరు పంతగాళ్లు పక్కపక్కన చేరితే నాలుగు మైళ్ల పొడవునా వందల మంది ఆగాలి. దాటేవాడు ఎత్తు దగ్గర వెనకబడితే ఇంకో మార్గం ఏమీ లేదు, వాడే తగ్గి మళ్లీ లేన్ 1లోకి మన వెనక చేరాలి. అది ఓటమి అనుకోవడం వల్లే గొడవంతా.

ఎత్తు, పల్లం, గాలి

ఎం62 మీద మాంచెస్టర్ నుంచి లీడ్స్ వైపు వెళ్తుంటే పెనైన్స్ కొండలు ఎక్కుతాం. జంక్షన్ 22 దగ్గర అది 372 మీటర్ల ఎత్తుకి చేరుతుంది, ఇంగ్లండ్ మోటార్‌వేల్లో అంతకంటే ఎత్తైనది లేదు. 44 టన్నులతో ఎక్కితే స్పీడు 40కి, లోడుని బట్టి ఇంకా కిందికి పడుతుంది. ఎత్తు మొదలయ్యే ముందు ఓవర్‌టేక్ మొదలుపెట్టకండి. ముందున్నవాడు ఏం మోస్తున్నాడో చూడండి. ట్యాంకరో, రాళ్ల టిప్పరో అయితే వాడు ఎక్కేటప్పుడు కచ్చితంగా తగ్గుతాడు. చిప్స్ ప్యాకెట్ల లోడైతే మీ కంటే ముందే పైన ఉంటాడు. నిదానంగా ఎక్కే బండ్ల కోసం ఎడమపక్క అదనపు లేన్ వేసిన చోట దాన్ని వాడుకోండి, సిగ్గుపడక్కర్లేదు.

దిగేటప్పుడు లిమిటర్ బండిని ఆపదు, బరువే తోసేస్తుంది. 60 దాటితే చట్టం తప్పినట్టే, టాకోలో ఓవర్‌స్పీడ్ కూడా పడుతుంది. పల్లంలో స్పీడొచ్చింది కదా అని లేన్ 2లోకి దూకినవాడు చదును రాగానే 56కి పడి అక్కడే ఇరుక్కుంటాడు.

గాలి సంగతి ఖాళీ కర్టెన్ సైడర్ (పక్కలకి గోడల బదులు పరదాలుండే ట్రెయిలర్) నడిపేవాళ్లకి బాగా తెలుస్తుంది. ఎం6 మీద థెల్వాల్ వయడక్ట్ అనే పొడవాటి వంతెన లాంటి ఎత్తైన చోట్ల పక్క గాలి ట్రెయిలర్‌ని ఒక లేన్ అంచు నుంచి ఇంకో అంచుకి నెడుతుంది. అలాంటి చోట ఇంకో లారీ పక్కకి చేరితే, దాని చాటున గాలి ఆగి, దాటగానే ఒక్కసారిగా కొడుతుంది. గాలి బోర్డు కనిపించిందా, వంతెన అయ్యేదాకా ఓవర్‌టేక్ మానేయండి.

స్లిప్ రోడ్లు, ఎగ్జిట్లు

మోటార్‌వే మీదకి వచ్చేవాడే లోపలున్నవాళ్లకి దారివ్వాలి, రూల్ అదే. కానీ మనం రూల్ పట్టుకుని కూర్చుంటే, స్లిప్ రోడ్డు చివర్లో 45లో ఉన్న భయస్తుడు మన ముందు చక్రం పక్కకి వస్తాడు. జంక్షన్ దగ్గరపడుతుంటే ముందే స్లిప్ రోడ్డు వైపు చూడండి, ఎన్ని బండ్లు దిగుతున్నాయో తెలుస్తుంది. లేన్ 2 ఖాళీగా ఉంటే వీలైనంత ముందుగా వెళ్లి దారివ్వండి, వాళ్లు వచ్చేశాక తిరిగి లేన్ 1కి. ఖాళీ లేకపోతే వెళ్లకండి. మర్యాదకి పోయి లేన్ 2లో ఉన్న కారుని నెట్టేయడం మర్యాద కాదు. యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తీస్తే చాలు, కారుకి పట్టేంత చోటు వస్తుంది.

మనమే స్లిప్ రోడ్డు నుంచి వస్తుంటే ఆ దారంతా వాడుకుని స్పీడ్ తెచ్చుకోండి. చేరిన వెంటనే లేన్ 2 వైపు చూడకండి, కాసేపు లేన్ 1లో నిలదొక్కుకోండి.

ఎగ్జిట్‌కి ఒక మైలు ముందు ఒక బోర్డు, అర మైలు ముందు ఇంకోటి, ఆ తర్వాత 300, 200, 100 గజాల దగ్గర మూడు, రెండు, ఒక గీతల పలకలు. 56లో ఒక మైలు అంటే 64 సెకన్లు. ఓవర్‌టేక్‌కి రెండు మైళ్లు పడుతుందని పైన లెక్కేశాం కదా, కాబట్టి మైలు బోర్డు కంటే చాలా ముందే లేన్ 1లో ఉండాలి. ఎగ్జిట్ దాటిపోయిందా, తర్వాతి జంక్షన్‌లో తిరిగి రండి. అడ్డంగా గీతలు గీసిన త్రికోణం మీదుగా కోసుకుపోయేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కొన్ని జంక్షన్లలో లేన్ 1 నేరుగా ఎగ్జిట్‌లోకే పోతుంది. గ్యాంట్రీ మీద ముందే చూపిస్తారు, దగ్గరయ్యేసరికి లేన్ మధ్య గీతలు పొట్టిగా, లావుగా మారతాయి. నేరుగా పోవాల్సినవాళ్లు ఆ లావు గీతలు మొదలయ్యేలోపే లేన్ 2లోకి మారాలి. కొత్త రూట్ అయితే బయల్దేరే ముందు మ్యాప్‌లో ఇలాంటి జంక్షన్లు చూసి పెట్టుకోండి.

రోడ్ పనులు, ఎర్ర ఎక్స్, చీకటి

పనులు జరిగే చోట లేన్లు ఇరుకు చేస్తారు. కుడి లేన్‌కి వెడల్పు పరిమితి బోర్డు ఉంటుంది, మన బండి పట్టదు. ఇరుకు లేన్లలో ఇంకో లారీ పక్కన సమానంగా పోకండి, సగం బండి ముందో వెనకో ఉండండి.

లేన్ పైన ఎర్ర ఎక్స్ వెలిగితే ఆ లేన్ మూసేసినట్టు. ముందు ఏమీ కనపడకపోయినా సరే. అందులో పోతే 100 పౌండ్లు, 3 పాయింట్లు, 2019 నుంచి కెమెరాలే పట్టేస్తున్నాయి. మన బరువుకి ఆగే దూరం ఎక్కువ కాబట్టి ఎక్స్ కనపడగానే ఇండికేటర్ వేసి జరగడం మొదలుపెట్టాలి, చివరిదాకా లాగకూడదు. హార్డ్ షోల్డర్ లేని స్మార్ట్ మోటార్‌వేల మీద ఒకప్పటి హార్డ్ షోల్డరే ఇప్పుడు లేన్ 1. ఆగిపోయిన కారు ఉండేది అక్కడే.

రాత్రి వానలో తెల్లగీతలు కనపడవు. రోడ్డులో దిగ్గొట్టిన మెరిసే బిళ్లలే దిక్కు. ఎడమ అంచున ఎరుపు, లేన్ల మధ్య తెలుపు, కుడి అంచున డివైడర్ పక్క కాషాయం, స్లిప్ రోడ్లు కలిసే విడిపోయే చోట ఆకుపచ్చ. ఎడమపక్క ఆకుపచ్చ కనిపించిందంటే బండ్లు వచ్చే చోటో, పోయే చోటో దగ్గరికొచ్చిందన్నమాట.

కార్లు నడిపే అన్నలకి, అక్కలకి

మధ్య లేన్‌లో 55లో ప్రశాంతంగా పోతున్నారనుకోండి, లేన్ 1 ఖాళీగా ఉంది. వెనక వచ్చే కారు లేన్ 3లోంచి మిమ్మల్ని దాటి పోతుంది. లారీకి ఆ దారి లేదు. ఎడమ నుంచి దాటకూడదు, కుడి లేన్ నిషేధం. మీరు ఒక్కరు కదలకుండా కూర్చుంటే మీ వెనక లారీలన్నీ కట్టేసినట్టే. లేన్ 1లోకి రండి, మీ స్పీడ్ ఎవరూ అడగరు.

లారీ ఇండికేటర్ వేసి లేన్ 2లోకి రావాలని చూస్తుంటే, మీరు పక్కన లేకపోతే, వీలుంటే లేన్ 3కి జరగండి, లేదా కొంచెం ఆగి రానివ్వండి. మా పక్కన పోతున్నప్పుడు అక్కడే నిలబడకండి. మా అద్దంలో మా ముఖం మీకు కనపడకపోతే, మీరు మాకు కనపడట్లేదు. ఎడమ తలుపు పక్కన, విండ్‌స్క్రీన్ కింద బొత్తిగా కనపడదు. ఎడమ స్టీరింగ్ ఉన్న యూరప్ లారీలకి కనపడని చోటు కుడిపక్క ఉంటుంది, అంటే మీరు దాటేటప్పుడు ఉండేది సరిగ్గా అక్కడే. నంబర్ ప్లేట్ బయటి దేశానిదైతే పక్కన ఒక్క క్షణం కూడా ఆగకుండా దాటేయండి.

దాటాక మా ముందు ఖాళీ కనిపించిందని అందులోకి దూరి బ్రేకు కొట్టకండి. ఆ 100 మీటర్లు మేం ఆగడానికి పెట్టుకున్నవి. మీరు దూరితే మేం మళ్లీ వెనక్కి తగ్గాలి, తగ్గేలోపు ఇంకొకరు దూరుతారు. ఎగ్జిట్ దగ్గరకొచ్చాక లేన్ 3 నుంచి మా ముక్కు ముందుగా కోసి పోవడం కంటే, మా వెనక చేరి మెల్లగా దిగండి. మీకు పోయేది పది సెకన్లు.